పోలీసు పన్నును ఎదిరించి, పోలీసు వ్యవస్థను నిలబెట్టిన పటేల్

నేరాలను అరికట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిదని అందరూ అంగీకరిస్తారు. అందుకయ్యే ఖర్చును ఎవరు భరించాలన్న దగ్గరే వివాదం మొదలవుతుంది. 1923లో గుజరాత్‌లోని బోర్సద్ తాలూకా రైతులకు ఈ ప్రశ్న ఎదురైంది. పావు శతాబ్దం గడవకముందే అదే ప్రశ్న ఢిల్లీలోని హోంశాఖ కార్యాలయానికి చేరింది. రెండు సందర్భాలలోనూ సమాధానం చెప్పవలసి వచ్చిన వ్యక్తి ఒక్కరే. ఆయన సర్దార్ వల్లభభాయి పటేల్.

సంస్థానాల విలీనకర్తగా పటేల్‌ను దేశమంతా ఎరుగును. పోలీసు వ్యయం పైన, నేరస్థుల పైన, నిర్బంధ చట్టాల పైన ఆయన కాలక్రమంలో తీసుకున్న వైఖరుల గురించి జరిగిన చర్చ తక్కువ. స్వతంత్ర భారతదేశంలో పోలీసు యంత్రాంగం నేటికీ నడుస్తున్న బాట ఆ వైఖరుల నుంచి ఏర్పడినదే. ఆ బాటలోని గట్టిదనానికీ, లోపాలకూ కూడా మూలాలు అక్కడే ఉన్నాయి.

క్రిమినల్ కోర్టులో తొలి పాఠాలు

ఖేడా జిల్లాలోని కరంసద్ గ్రామానికి చెందిన రైతు కుటుంబంలో పటేల్ జన్మించారు. మెట్రిక్యులేషన్ రికార్డులో ఆయన పుట్టిన తేదీ 1875 అక్టోబరు 31గా నమోదైంది. ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై 1900లో గోధ్రాలో వృత్తి ప్రారంభించారు. రెండేళ్లకు బోర్సద్‌కు మకాం మార్చారు. ఖేడా జిల్లాలో క్రిమినల్ కేసులకు పేరుపడ్డ ఊరు బోర్సద్. హత్యలు, దోపిడీలు, పాత కక్షలు అక్కడి కోర్టుకు నిత్యం పని కల్పించేవి.

అక్కడ పటేల్ ముద్దాయిల తరఫు న్యాయవాదిగా రాణించారు. పోలీసు సాక్షులను ప్రశ్నించడంలో ఆయనకు పెట్టింది పేరు. తయారుచేసిన సాక్ష్యం ఎలా ఉంటుందో, ఒత్తిడితో రాబట్టిన వాంగ్మూలం ఎక్కడ బెడిసికొడుతుందో ఆయనకు కోర్టు హాలులోనే తెలిసివచ్చింది. 1910లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరు పట్టా పుచ్చుకుని 1913లో అహ్మదాబాద్‌లో స్థిరపడిన తర్వాత కూడా క్రిమినల్ కేసులే ఆయనకు ప్రధాన వృత్తి. పోలీసులను లోపలి నుంచి ఎరిగిన మనిషిగా ఆయన రాజకీయాలలో అడుగుపెట్టారు.

1918లో పంటలు దెబ్బతిన్న ఖేడా జిల్లాలో భూమిశిస్తు వసూలును నిలిపివేయాలని గాంధీజీ సాగించిన ఉద్యమంలో పటేల్ ఆయనకు కుడిభుజంగా నిలిచారు. మరుసటి ఏడాది రౌలట్ చట్టాన్ని వ్యతిరేకిస్తూ అహ్మదాబాద్‌లో ఆందోళన నడిపారు. విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి ఇవ్వడం ఆ చట్టంపై ప్రధానమైన అభ్యంతరం. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మూడు దశాబ్దాల తర్వాత ఇదే ప్రశ్న పటేల్‌ను వెతుక్కుంటూ వచ్చింది.

తలకు రెండు రూపాయల ఏడణాలు

ఇరవయ్యో దశకం మొదట్లో బోర్సద్ తాలూకాను బందిపోట్లు వణికించారు. వారిలో బాబర్ దేవా పేరు వింటేనే గ్రామాలు హడలిపోయేవి. పొద్దుగూకితే జనం తలుపులు బిగించుకునేవారు. సాక్ష్యం చెప్పిన వారికి ప్రాణాలు దక్కేవి కావు. పోలీసులు ఏళ్ల తరబడి ఆ ముఠాలను పట్టుకోలేకపోయారు.

ఈ స్థితిలో బొంబాయి ప్రభుత్వం 1923లో తాలూకాలో అదనపు పోలీసు బలగాలను మోహరించింది. ఆ ఖర్చును గ్రామస్థుల నుంచే రాబట్టాలని నిర్ణయించింది. విధించిన మొత్తం 2,40,074 రూపాయలు. 16 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు తలకు రెండు రూపాయల ఏడణాలు చెల్లించాలి. లెక్కవేస్తే దాదాపు 98 వేల మందిపై పడిన భారమిది. పేద కూలివానికి ఇది కొన్ని రోజుల సంపాదన. ప్రజలు బందిపోట్లకు ఆశ్రయమిస్తున్నారు, సమాచారం దాచిపెడుతున్నారు, కనుక వారే చెల్లించాలన్నది ప్రభుత్వ వాదన.

ఇది బోర్సద్ కోసం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. కల్లోలిత ప్రాంతంలో అదనపు పోలీసులను ఉంచి ఆ వ్యయాన్ని అక్కడి నివాసుల నుంచి వసూలు చేసే అధికారాన్ని 1861 నాటి పోలీసు చట్టం 15వ సెక్షనే ప్రభుత్వానికి ఇచ్చింది. బొంబాయి రాష్ట్రానికి ఇటువంటి సొంత చట్టం ఉంది. పైగా 1919 సంస్కరణల కింద పోలీసు శాఖ రిజర్వుడు శాఖల జాబితాలో ఉండేది. ఆ శాఖను చూసే హోంమెంబరు శాసనసభకు జవాబుదారీ కాడు. సభ కోసిన ఖర్చును గవర్నరు తన అధికారంతో పునరుద్ధరించగలడు. కనుక ప్రజల సొమ్ముతో నడిచే పోలీసులపై ప్రజాప్రతినిధులకు పట్టు లేదు.

పటేల్ మొదట వాస్తవాలు సేకరించారు. మోహన్‌లాల్ పాండ్యా, రవిశంకర్ వ్యాస్‌లను గ్రామాలకు పంపి విచారణ జరిపించారు. బాబర్ దేవాను పట్టుకునేందుకు అధికారులు మరొక బందిపోటుతో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నారని, వాడికి తుపాకులు సమకూర్చారని, వాడు ఆ తుపాకులతోనే దోపిడీలు సాగించాడని ఆ విచారణలో వెల్లడైంది. ఒక దొంగకు ఆయుధాలిచ్చిన ప్రభుత్వం ప్రజలను దొంగల మిత్రులని నిందిస్తోందన్న మాట దీనితో తాలూకా అంతటా పాకింది.

1923 డిసెంబరు ఆరంభంలో బోర్సద్‌లో జరిగిన సభలో పన్ను చెల్లించరాదని నిర్ణయమైంది. పటేల్ వాదన సూటిగా ఉంది. రక్షణ కల్పించడం ప్రభుత్వ విధి. అందుకోసమే రైతు భూమిశిస్తు చెల్లిస్తున్నాడు. రక్షించలేకపోయిన సర్కారు ఆ వైఫల్యానికి బాధితుల వద్దే జరిమానా వసూలు చేయడం అన్యాయం. పోలీసుల ఖర్చు ఎంతైనా సాధారణ ఖజానా నుంచే రావాలి.

ఉద్యమం పకడ్బందీగా సాగింది. పగలు జప్తు అధికారులు వచ్చే వేళకు ఇళ్లకు తాళాలు పడేవి. డప్పు మోగగానే వీధులు ఖాళీ అయ్యేవి. జనం రాత్రివేళ తలుపులు తెరిచి పనులు చేసుకునేవారు. ఊళ్లను కాపాడుకునేందుకు వాలంటీర్లు గస్తీ తిరిగారు. ప్రజలు నేరస్థుల పక్షాన లేరన్న సంగతిని రుజువు చేయడం కూడా పటేల్ వ్యూహంలో భాగమే. గాంధీజీ అప్పటికి యరవాడ జైలులో ఉన్నారు. నాయకత్వ భారమంతా పటేల్‌దే.

కొత్తగా వచ్చిన గవర్నరు లెస్లీ విల్సన్ తన హోంమెంబరు మారిస్ హేవర్డ్‌ను విచారణకు పంపారు. 1924 జనవరిలో ప్రభుత్వం పన్నును ఉపసంహరించుకుంది. అదనపు పోలీసుల ఖర్చు సాధారణ రాబడి నుంచి భరించడానికి ఒప్పుకుంది. దాదాపు ఐదు వారాల్లో పోరాటం ముగిసింది. 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం ఆయనకు సర్దార్ అన్న బిరుదు తెచ్చిపెట్టింది. అయితే ప్రభుత్వ వ్యయ సూత్రాన్ని నేరుగా సవాలు చేసి గెలిచింది బోర్సద్‌లోనే.

ముద్రపడిన కులాలు

బోర్సద్ గ్రామాలలో మరొక సమస్య ఉండేది. బాబర్ దేవా వంటి వారు పుట్టిన ధారాళా, పాటన్‌వాడియా సమూహాలపై ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని ప్రయోగించింది. నేరం చేసినా చేయకపోయినా ఆ సమూహాలవారు పోలీసుల వద్ద హాజరు వేయించుకోవాలి. రవిశంకర్ వ్యాస్ తన జీవితంలో అధికభాగం వారి మధ్యనే గడిపారు.

తెలుగువారికి ఈ చట్టం సంగతి కొత్త కాదు. అప్పటి గుంటూరు జిల్లాలోని స్టువర్టుపురం దాని కింద ఏర్పడిన సెటిల్‌మెంటే. పటేల్ హోంమంత్రిగా ఉన్న కాలంలో, 1949లో, కేంద్ర ప్రభుత్వం ఈ చట్టాన్ని సమీక్షించేందుకు ఒక కమిటీని నియమించింది. చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఆ కమిటీకి అధ్యక్షులు. ఆయనే తర్వాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. చట్టాన్ని రద్దు చేయాలని కమిటీ సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అప్పటికి పటేల్ లేరు. ఒక ఊరికి ఊరునే, ఒక కులానికి కులాన్నే శిక్షించే పద్ధతికి బోర్సద్‌లో పడిన మొదటి దెబ్బ ఇలా చట్టసభ దాకా వచ్చింది. అలవాటు పడిన నేరస్థుల పేరుతో రాష్ట్రాలు చేసుకున్న చట్టాలు మాత్రం ఆ వర్గాలను ఆ తర్వాత కూడా వెన్నాడాయి.

అయిదు వందల పరిమితి

1930 మార్చి 7న, దండి యాత్ర మొదలుకావడానికి అయిదు రోజుల ముందు, పోలీసులు పటేల్‌ను రాస్ గ్రామంలో అరెస్టు చేశారు. అది కూడా బోర్సద్ తాలూకాలోనిదే. మరుసటి ఏడాది కరాచీలో ఆయన అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానాన్ని ఆమోదించింది. సైనిక వ్యయాన్ని కనీసం సగానికి తగ్గించాలని, సాధారణంగా ఏ ప్రభుత్వోద్యోగి జీతమూ నెలకు 500 రూపాయలు దాటరాదని అందులో చెప్పారు. 1937లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గాల మంత్రులు ఈ పరిమితిని తమకు వర్తింపజేసుకున్నారు. ఆ మంత్రివర్గాలపై పర్యవేక్షణ పార్లమెంటరీ బోర్డు అధ్యక్షుడైన పటేల్‌దే.

సర్కారు ఖర్చును కోయడం ప్రతిపక్షానికి నినాదం. అధికారంలోకి వచ్చిన తర్వాత అదే ఖర్చు బాధ్యతగా మారుతుంది. పటేల్ జీవితంలో ఈ మార్పు 1946 సెప్టెంబరు 2న వచ్చింది. ఆ రోజు తాత్కాలిక ప్రభుత్వంలో ఆయన హోంశాఖను స్వీకరించారు.

చేతిలో బలగం లేని హోంమంత్రి

అప్పటికి కలకత్తాలో మారణకాండ జరిగి రెండు వారాలు దాటింది. తర్వాత నవఖాలీ, బీహార్ మండిపోయాయి. పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వాల అధీనంలో ఉంది. కేంద్ర హోంశాఖ వద్ద అల్లర్లను అణచేందుకు పంపదగిన పోలీసు బలగం లేదు. పై స్థాయిలోని బ్రిటిష్ అధికారులు పెట్టేబేడా సర్దుకుంటున్నారు. పాత ఇండియన్ పోలీసు సర్వీసుకు నియామకాలు ఆగిపోయాయి.

1946 అక్టోబరులో పటేల్ రాష్ట్రాల ప్రధానులతో సమావేశం జరిపి ఐఏఎస్, ఐపీఎస్‌ల ఏర్పాటును ముందుకు తెచ్చారు. అధికారులు తమ చేతి కింద ఉండాలని కోరుకున్న కొన్ని రాష్ట్రాలు సందేహించాయి. అఖిల భారత స్థాయిలో ఎంపిక, ఉమ్మడి శిక్షణ, రాష్ట్రాలలో ఉద్యోగం అన్న పద్ధతికి చివరికి ఆయన మెజారిటీని ఒప్పించగలిగారు. కొత్త సర్వీసుల జీతాలు పాత ఐసీఎస్, ఐపీ సర్వీసుల కంటే తక్కువగా నిర్ణయమయ్యాయి. కరాచీ తీర్మానపు పరిమితి కంటే మాత్రం ఎక్కువే.

యుద్ధకాలపు సరఫరాలలో లంచగొండితనాన్ని పట్టుకోవడానికి 1941లో ఏర్పడిన ప్రత్యేక పోలీసు విభాగాన్ని 1946 చట్టంతో శాశ్వతం చేసి హోంశాఖ కిందికి తెచ్చారు. అదే 1963లో సీబీఐకి పునాది అయింది. ఇంటెలిజెన్స్ బ్యూరోకు మద్రాసు రాష్ట్ర పోలీసు అధికారి టి.జి. సంజీవి 1947లో తొలి భారతీయ డైరెక్టరు అయ్యారు. 1948 సెప్టెంబరు 15న మౌంట్ అబూలో కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల ప్రారంభమైంది. పటేల్ పేరు పెట్టుకున్న ఆ సంస్థే 1975లో హైదరాబాద్‌కు తరలివచ్చి జాతీయ పోలీసు అకాడమీగా నడుస్తోంది.

సంస్థానాలలో అల్లర్లను అదుపు చేసేందుకు 1939లో నీమచ్‌లో బ్రిటిష్‌వారు నెలకొల్పిన క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీసు దళాన్ని రద్దు చేయవచ్చునన్న ఆలోచన సహజంగానే రాదగినది. బ్రిటిష్ కిరీటమే లేనప్పుడు దాని దళం ఎందుకు? పటేల్ దానిని నిలిపి, 1949 డిసెంబరు 28 నాటి చట్టంతో కేంద్ర రిజర్వు పోలీసు దళంగా మార్చారు. రాష్ట్రాల పోలీసుల ఖర్చు రాష్ట్రాలది, వారికి సాయపడే దళం ఖర్చు కేంద్ర ఖజానాది అన్న విభజన ఇక్కడే స్పష్టమైంది. 1950 మార్చి 19న ఆయన ఆ దళానికి పతాకాన్ని అందజేశారు.

సంస్థానాలతో ఆర్థిక సర్దుబాట్లలోనూ ఇదే హద్దు పాటించారు. వారి సైన్యాలు, రైల్వేలు కేంద్రానికి వచ్చాయి. పోలీసులు రాష్ట్రాలకే మిగిలారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు రాష్ట్రాల జాబితాలో చేరింది. 312వ అధికరణం ఐపీఎస్‌ను అఖిల భారత సర్వీసుగా గుర్తించింది. 1949 అక్టోబరులో పాత సర్వీసుల అధికారుల జీతాలు, హక్కులకు రాజ్యాంగ రక్షణ ఇవ్వడాన్ని రాజ్యాంగసభలో కొందరు సభ్యులు తీవ్రంగా విమర్శించారు. నిన్నటిదాకా మనలను జైళ్లలో పెట్టినవారికి ఈ హామీలు ఎందుకన్నది వారి ఆవేదన. పటేల్ వెనక్కు తగ్గలేదు. ఇచ్చిన మాట నిలుపుకోని ప్రభుత్వానికి నిర్భయంగా సలహా చెప్పే అధికారి దొరకడన్నది ఆయన నమ్మకం. ఆ హామీ 1972లో రద్దయింది.

వైఫల్యాలు, విమర్శలు

పటేల్ హోంమంత్రిత్వంలో అత్యంత విషాదకరమైన రోజు 1948 జనవరి 30. పది రోజుల ముందే, జనవరి 20న, బిర్లా భవనంలో బాంబు పేలింది. నిందితుడు ఒకడు పట్టుబడ్డాడు. అయినా గాంధీజీ హత్యను పోలీసులు నివారించలేకపోయారు. ప్రార్థన సభకు వచ్చేవారిని సోదా చేయడానికి గాంధీజీ ఒప్పుకోలేదన్న మాట నిజమే. ఢిల్లీ, బొంబాయి పోలీసుల మధ్య సమన్వయం లోపించిందన్న మాట కూడా నిజమే. 1969లో నివేదిక ఇచ్చిన కపూర్ కమిషన్ దర్యాప్తులోని అలసత్వాన్ని తప్పుపట్టింది. పటేల్ రాజీనామాకు సిద్ధపడ్డారు. ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. ఫిబ్రవరి 4న ఆర్ఎస్ఎస్‌ను నిషేధించారు. 1949 జులైలో నిషేధం ఎత్తివేశారు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్‌పై జరిపిన చర్యకు పోలీసు చర్య అని పేరు పెట్టినా, జరిపింది సైన్యమే. రజాకార్ల ఆగడాలు దానితో ముగిశాయి. ఆ తర్వాత సంస్థానంలోని ముస్లింలపై జరిగిన హింసను గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం, పోలీసులు గ్రామాలపై సాగించిన దాడులు నల్లగొండ, వరంగల్ జిల్లాల జ్ఞాపకాలలో ఇప్పటికీ ఉన్నాయి. శాంతిభద్రతల పేరుతో ఊళ్లకు ఊళ్లనే అనుమానించడం ఎంత ప్రమాదమో బోర్సద్ నాయకునికి తెలియనిది కాదు.

రాజ్యాంగం అమలులోకి వచ్చి నెల తిరిగేలోగా, 1950 ఫిబ్రవరిలో, పటేల్ ముందస్తు నిర్బంధ బిల్లును పార్లమెంటు ముందుంచారు. బిల్లు తేవడానికి ముందు తనకు నిద్రపట్టలేదని ఆయనే సభలో అంగీకరించారు. కమ్యూనిస్టుల తిరుగుబాటును, హింసను అదుపు చేయడానికి వేరే మార్గం లేదన్నది ఆయన సమర్థన. నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950 మే 19న కోర్టు చట్టాన్ని సమర్థించింది. నిర్బంధ కారణాలను కోర్టుకు వెల్లడించరాదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టివేసింది. ఏడాదికని తెచ్చిన ఆ చట్టం పొడిగింపులతో 1969 డిసెంబరు దాకా కొనసాగింది. రౌలట్ చట్టాన్ని ఎదిరించిన నాయకుని చేతి మీదుగా ఈ చట్టం రావడం ఆయన జీవితంలో పూడ్చరాని వైరుధ్యం.

మిగిలిన ప్రశ్న

1950 డిసెంబరు 15న బొంబాయిలో పటేల్ కన్నుమూశారు. హోంశాఖ ఆయన చేతిలో ఉన్నది నాలుగేళ్ల కొద్దిపాటి కాలం. ఆ కొద్దికాలంలోనే ఆయన పై అధికారుల సర్వీసును, శిక్షణ కళాశాలను, కేంద్ర దళాన్ని నిలబెట్టారు. స్టేషనులో పనిచేసే కానిస్టేబులు దాకా ఆయన చేయి చేరలేదు. వాని జీతం, నివాసం, ఆయుధం రాష్ట్ర ఖజానా దయకే వదిలేశారు. 1861 నాటి పోలీసు చట్టమూ చెక్కుచెదరలేదు.

పర్యవసానాలు తర్వాతి తరాలు చూశాయి. రాష్ట్రాలు తమ పోలీసులను పోషించలేక కేంద్రం వైపు చూడటంతో 1969-70 నుంచి పోలీసు ఆధునికీకరణ పథకం కింద కేంద్ర నిధులు రావడం మొదలైంది. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ ఎనిమిది నివేదికలు ఇచ్చింది. అవి బీరువాలకే పరిమితం కావడంతో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని రాష్ట్రాలకు ఆదేశాలివ్వవలసి వచ్చింది. పోలీసులపై రాజకీయ ఒత్తిడిని తగ్గించడం, దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి వేరుచేయడం వాటిలో ముఖ్యమైనవి.

పటేల్‌ను ఉక్కుమనిషిగా కొలిచేవారు ఆయన పెంచిన బలగాలనే చూస్తారు. నిరంకుశుడని నిందించేవారు 1950 నాటి చట్టాన్నే చూస్తారు. ఈ రెండు చిత్రాలలోనూ బోర్సద్ కనిపించదు. పోలీసులకు ధారాళంగా నిధులివ్వడం ఎంత అవసరమో, ఆ పోలీసులు విఫలమైనప్పుడు ప్రజలకు జవాబు చెప్పడమూ అంతే అవసరమని ఆ తాలూకా రైతులు ఆయన నాయకత్వంలో చాటారు. హోంమంత్రిగా ఆయన మొదటి సగాన్ని నెరవేర్చారు. రెండో సగం ఆయన తర్వాత వచ్చిన ప్రభుత్వాలకు బాకీగా మిగిలింది.